కిలో ఆవిరికి ఎంత చోటు

చక్కెర ఫ్యాక్టరీ కాలనీ, వారణ ఒడ్డు
11 జూన్ 1962

చిరంజీవి శాలన్‌కు మామ శ్రీపతి దీవెనలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పుణేలో నీ హాస్టల్ అన్నం ఇంకా అలాగే ఉందా? మీ మామి పంపిన కారప్పొడి డబ్బా అందిందో లేదో రాయనే లేదు. ఆమె రోజూ పోస్ట్‌మ్యాన్ని నిలదీస్తోంది.

చెరకు క్రషింగ్ ఆగి రెండు నెలలయింది. నేను బాయిలర్ కడుపులో దూరి సున్నపు పెచ్చులు గీకుతున్నాను. సాయంత్రం ఇంటికెళితే మీ మామి నన్ను గుమ్మంలోనే ఆపి, ముందు నీళ్ళ తొట్టి దగ్గరికి తోలుతుంది.

అసలు సంగతికి వస్తాను. కొత్త బాయిలర్ వచ్చింది. పాతవాటికంటే చాలా ఎక్కువ ఒత్తిడి మీద నడుస్తుందట. దసరాకి వెలిగిస్తారు. మొదటి తరగతి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే దాని ముందు నిలబడాలని నోటీసు అంటించారు. లేనివాళ్ళు చెరకు పిప్పి యార్డుకు పోవాలి. నాది రెండో తరగతి. ఇరవై రెండేళ్ళు నిప్పు ముందు నిలబడ్డవాణ్ణి, ఇప్పుడు ఎండలో పిప్పి గుట్టలు పేర్చాలట. గేజి చూడకుండా, చప్పుడు విని ఒత్తిడి ఎంతుందో చెప్పగలను శాలూ. అది సర్టిఫికెట్‌కి సరిపోదట.

సెప్టెంబరులో బొంబాయిలో పరీక్ష. నోటితో అడుగుతారు. నిరుడు మన కృష్ణాత్ వెళితే మొదటి ప్రశ్నే "విశిష్ట ఘనపరిమాణం అంటే ఏమిటి, దాని యూనిట్లేమిటి" అని అడిగారట. వాడు నోరు తెరిచి మళ్ళీ మూసుకుని రైలెక్కేశాడు. నువ్వు చదివే ఫిజిక్స్‌లో ఇది ఉంటుందా? నాలుగో తరగతి చదివిన బుర్రకి ఎక్కేలా రాయగలవా? ఉస్తాద్ ఇచ్చిన పట్టికల పుస్తకం నా దగ్గరుంది. దాంట్లో అన్నీ అంకెలే.

పరీక్ష సంగతి మీ అమ్మకు రాయకు. తప్పితే నవ్వుతుంది.

మామ

పుణే
17 జూన్ 1962

మామకు శాలన్ నమస్కారాలు.

కారప్పొడి అందింది. రెండు రోజుల్లో అయిపోయింది. దానికి కారణం నేనొక్కదాన్నే కాదు, ఈ గదిలో నలుగురం ఉంటాం.

మామా, భయపడకండి. మొదటి ప్రశ్న మీకు ఇప్పుడే చెప్పేస్తాను. మామికి కూడా అర్థమయ్యేట్టు చెబుతాను, వినండి. ఒక కిలో బెల్లం తీసుకోండి. చేతిలో పడుతుంది. ఒక కిలో మరమరాలు తీసుకోండి. సంచీ నిండుతుంది. బరువు రెండింటిదీ ఒకటే. పట్టే చోటు వేరు. ఒక కిలో వస్తువు ఎంత చోటు పడుతుందో అదే విశిష్ట ఘనపరిమాణం. అంతకు మించి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. సాంద్రత అంటే ఇంత చోటులో ఎంత బరువు అని కదా, దాన్ని తలకిందులు చేస్తే ఇది వస్తుంది.

యూనిట్: కిలోగ్రాముకు ఇన్ని ఘనమీటర్లు. కిలో నీళ్ళు ఒక లీటరు, అంటే ఘనమీటరులో వెయ్యో వంతు. అదే కిలో నీళ్ళు మూత లేని గిన్నెలో మరిగి పూర్తిగా ఆవిరైతే 1.67 ఘనమీటర్లు. దాదాపు పదహారు వందల డెబ్బై రెట్లు! మీరు రోజూ బొగ్గూ పిప్పీ వేసి చేసే పని ఇదే. బెల్లాన్ని మరమరాలుగా మారుస్తున్నారు.

పట్టిక ఒకటి చేత్తో రాసి పంపుతున్నాను. ఒత్తిడి ఒక వరసలో, చోటు పక్క వరసలో. రోజుకు పది అంకెలు వల్లె వేయండి.

మీ శాలన్

ఫ్యాక్టరీ కాలనీ
26 జూన్ 1962

శాలూకు మామ దీవెనలు.

మొదట పెద్ద తగాదా సంగతి. నీ ఉత్తరం నేను పైకి చదువుతుంటే మీ మామి లాక్కుంది. "మామికి కూడానా! దాని జుట్టు దువ్వి జడలేసింది నేను, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది నేను. నాక్కూడా అర్థమవుతుందట, ఎంత దయ!" అని పొద్దుట నుంచీ సణుగుడు. ఈ నెల కారప్పొడి రాదు, ఆశ పెట్టుకోకు. పైగా నీకో మాట రాయమంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మరమరాలు సంచీడు చోటు పడతాయని ఎవరు చెప్పారు? పాకం పోసి గట్టిగా నొక్కితే పిడికిట్లో పడతాయి. అది దాని కాలేజీలో చెప్పారా లేదా?"

ఇప్పుడు నా సంగతి. నీ పట్టిక తప్పు శాలూ. మరిగే నీటి ఆవిరికి 1.67 అన్నావు. ఉస్తాద్ పుస్తకం తెరిచి చూశాను. 26.8 అని అచ్చులో ఉంది. ఇంగ్లండులో అచ్చయిన పుస్తకం అది. టైమ్‌కీపర్ జాధవ్‌కి రెండూ చూపిస్తే, "కాలేజీ పిల్లల లెక్కలు నమ్ముకుంటే పిప్పి యార్డే గతి" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నీ మీద కాదు, వాడి మీద. కొంచెం నీ మీద కూడా.

ఒకసారి సరిగ్గా చూసి రాయి. ఏ అంకె వల్లె వేయాలో తెలియక నాలుగు రోజులుగా ఊరుకున్నాను.

మామ

పుణే
1 జూలై 1962

మామకు నమస్కారాలు. మామికి ప్రత్యేకంగా రెండు సాష్టాంగ నమస్కారాలు.

మామికి చెప్పండి, ఆమె నా తర్వాతి పాఠం నాకంటే ముందే చెప్పేసింది. ఒత్తిడి పెరిగితే కిలో ఆవిరి తక్కువ చోటు పడుతుంది. నేను దానికి ఒక పేజీ రాసి పెట్టుకున్నాను. ఇప్పుడు చింపేశాను. "కూడా" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

జాధవ్ నవ్వును అతని దగ్గరే ఉంచుకోమనండి. 26.8 తప్పు కాదు, 1.67 తప్పు కాదు. మీ పుస్తకం పౌండుకు ఇన్ని ఘనపు అడుగులు అంటోంది. నేను కిలోకు ఇన్ని ఘనమీటర్లు అంటున్నాను. ఘనమీటరులో ముప్ఫై అయిదుకు పైగా ఘనపు అడుగులున్నాయి, కిలోలో రెండు పౌండ్ల చిల్లర. 26.8ని 2.2తో హెచ్చవేసి 35.3తో భాగించండి. 1.67 వస్తుంది. ఆవిరి ఒకటే, కొలిచే శేరు వేరు. అంకె పక్కన యూనిట్ రాయకపోతే, పేరు రాసి ఊరు రాయని కవరులాంటిది. ఎక్కడికి చేరుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఈ ఏప్రిల్ నుంచి బజారులో కూడా కిలోలే కదా. పరీక్షలోనూ కొత్త కొలతలే అడుగుతారు. అందుకని ఆ పాత పుస్తకం అటకెక్కించేయండి మామా. అది మీ బుర్రను పాడు చేస్తుంది. నా పట్టిక ఒక్కటే చూడండి.

శాలన్

పుణే
22 జూలై 1962 (కార్డు)

మామకు, మూడు వారాలుగా ఉత్తరం లేదు. వారణకు వరద అని పేపర్లో చూశాను. ఇల్లు మునిగిందా? ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? ఒక్క ముక్క రాయండి. శాలన్.

ఫ్యాక్టరీ కాలనీ
29 జూలై 1962

శాలన్‌కు,

ఇల్లు మునగలేదు. అందరం బాగున్నాం. నాకే రాయబుద్ధి కాలేదు.

పుస్తకం అటకెక్కించమన్నావు. ఆ పుస్తకం ఏమిటో నీకు తెలియదు, నేనూ చెప్పలేదు. దస్తగీర్ ఉస్తాద్ నాకు పని నేర్పిన మనిషి. చివరి రోజుల్లో మంచంలో ఉండి, తలగడ కింది నుంచి తీసి నా చేతిలో పెట్టాడు. అంచుల నిండా ఉర్దూలో ఆయన రాసుకున్న దువాలు, ప్రార్థనలు ఉన్నాయి. నాకు ఆ లిపి రాదు. పద్నాలుగేళ్ళుగా ప్రతి ఖండేనవమికి పనిముట్ల పూజలో పార, పలుగు, రెంచి పక్కన ఆ పుస్తకం పెట్టి పసుపు కుంకుమ వేసి దండం పెడుతున్నాను. అది నా బుర్ర పాడు చేస్తుందా?

అయినా నీ మాట విని నీ పట్టికే వల్లె వేశాను. పోయిన బుధవారం క్యాంటీన్లో చీఫ్ ఇంజనీరు కదమ్ సాహెబ్ అందరి ముందూ అడిగాడు. "శ్రీపతీ, కొత్త బాయిలర్ గేజి పది కిలోల ఒత్తిడి చూపిస్తోందనుకో. కిలో ఆవిరికి ఎంత చోటు?" నేను తడుముకోకుండా చెప్పాను: "0.198 ఘనమీటర్లు సాహెబ్." యూనిట్ కూడా చెప్పాను. ఆయన టీ తాగుతూ "తప్పు" అన్నాడు. అంతే, లేచి వెళ్ళిపోయాడు. జాధవ్ బల్ల గుద్ది నవ్వాడు. నేను శిక్షణ ఇచ్చినవాళ్ళు తలలు దించుకున్నారు. అది నవ్వు కంటే ఎక్కువ బాధించింది.

ఇంటికొచ్చి నీ పట్టిక మళ్ళీ చూశాను. పది పక్కన 0.198 అనే ఉంది. తప్పు నాది కాదు.

పరీక్షకు వెళ్ళనని ఆఫీసులో చెప్పేశాను. దరఖాస్తు ఇంకా చింపలేదట, చింపుతారు. పిప్పి యార్డులో గాలి బాగా వస్తుందంటున్నారు. నువ్వు నీ చదువు చూసుకో.

మామ

పుణే
2 ఆగస్టు 1962

మామా,

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. తర్వాత మా ప్రొఫెసర్ దగ్గరికి పరిగెత్తాను.

తప్పు మీది కాదు. పట్టికదీ కాదు. నాది. నేను ఈ పాఠంలో క్లాసులో మొదటి మార్కు తెచ్చుకున్నదాన్ని, కానీ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా బాయిలర్ చూడలేదు. గేజి చూడలేదు. అందుకని ఒక ముఖ్యమైన మాట మీకు చెప్పలేదు. నాకే తెలియదు మరి.

బాయిలర్ చల్లబడి, తలుపులు తెరిచి ఉన్నప్పుడు గేజి సున్నా చూపిస్తుంది కదా? నిజానికి అక్కడ ఒత్తిడి సున్నా కాదు మామా. మన నెత్తి మీద ఉన్న గాలంతా దాన్ని నొక్కుతూనే ఉంది, చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. గేజికి ఆ గాలి కనపడదు. అది గాలి పైనుంచి లెక్క మొదలుపెడుతుంది. పట్టిక మాత్రం అసలు ఏమీ లేని శూన్యం నుంచి మొదలుపెడుతుంది. కాబట్టి గేజి పది అంటే పట్టికలో పదకొండు దగ్గర చూడాలి. అక్కడ ఏముంది? 0.181. కదమ్ సాహెబ్‌కి కావలసింది అది.

మీరు అందరి ముందూ తలదించుకున్నది నా వల్ల. ఎలా క్షమాపణ అడగాలో తెలియడం లేదు. పుస్తకం గురించి రాసిన మాట కూడా నోరు జారి రాసినదే. దాన్ని దించండి, తుడవండి, దగ్గర పెట్టుకోండి.

దరఖాస్తు చింపనివ్వకండి. మీరు గేజి చూడకుండా ఒత్తిడి చెప్పగలరు. నేను పట్టిక చూసి కూడా చెప్పలేకపోయాను. మీరు యార్డులో కూర్చుని, నాలాంటి వాళ్ళు ఆ బాయిలర్ ముందు నిలబడితే ఏం జరుగుతుందో ఆలోచించండి. ఈ ఒక్కసారి నా మాట వినండి మామా.

శాలన్

ఫ్యాక్టరీ కాలనీ
9 ఆగస్టు 1962

చిట్టి తల్లీ శాలూ,

ముందు కూర్చో. నిలబడి చదవకు.

నీ ఉత్తరం చదివాక కూడా నా కోపం పూర్తిగా పోలేదు. పుస్తకం అటక మీంచి దించాను. అవును, కోపంగానే అయినా నీ మాట విని ఎక్కించాను. దుమ్ము దులుపుతుంటే మీ మామి వచ్చి, "ఆ దువాలేమిటో ఒక్కసారైనా చదివించావా? అర్థం తెలియకుండా పద్నాలుగేళ్ళు దండం పెట్టావు" అంది. బజారులో టైలర్ బాబాలాల్ చాచాకి ఉర్దూ వచ్చు. పుస్తకం తీసుకెళ్ళాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ అంచు చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత మిషన్ ఆపేసి నవ్వడం మొదలుపెట్టాడు. "శ్రీపతీ, ఇది దువా కాదురా. గేజి అంకెకు పదిహేను కలుపు, తర్వాత పట్టిక చూడు అని రాశాడు." రెండో పేజీలోనూ అదే. మూడో పేజీలోనూ అదే. పౌండ్ల లెక్కలో గాలి బరువు పదిహేను కదా! చివరి పేజీలో మాత్రం ఇంకో వాక్యం: "పైనున్న గాలి గేజికి కనపడదు. నువ్వు మరవకు."

ఉస్తాద్ నాకు ఇదే చెప్పాలనుకుని ఇచ్చాడు శాలూ. నేను దానికి కుంకుమ పెట్టి మూసేశాను. పద్నాలుగేళ్ళు! దుకాణంలోనే కూర్చుండిపోయాను. బాబాలాల్ టీ తెప్పించాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

అక్కణ్ణించి నేరుగా ఆఫీసుకెళ్ళి దరఖాస్తు అడిగాను. ఇంకా చింపలేదు. కదమ్ సాహెబ్ తన సొరుగులో దాచిపెట్టాడట. "కోపం తగ్గాక వస్తావని తెలుసు. పదికి ఎంత చెప్పు" అన్నాడు. "0.181 ఘనమీటర్లు, కిలోకు" అన్నాను. ఈసారి ఆయన టీ నాకు పోశాడు.

ఇప్పుడు రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని వల్లె వేస్తున్నాను. ఉస్తాద్‌ది ఒకటి, నీది ఒకటి. ఏది వదిలినా నాకు నిద్ర పట్టదు. మీ మామి మరమరాల ఉండలు పంపుతోంది. బాగా నొక్కి చేశానని, చిన్న డబ్బాలో ఎక్కువ పట్టాయని చెప్పమంది.

మామ

పుణే
28 ఆగస్టు 1962 (కార్డు)

మామకు, ఉండలు చేరాయి. డబ్బా మూత తీయడానికి ఇద్దరం కావలసి వచ్చింది. నాకు టర్మ్ పరీక్షలు, బొంబాయి రాలేను. అడిగినదానికి తొందరపడి చెప్పకండి. వాళ్ళు ఊరు పేరు చెప్పకపోతే మీరే అడగండి. శాలన్.

ఫ్యాక్టరీ కాలనీ
14 సెప్టెంబరు 1962

శాలూకు మామ దీవెనలు.

పరీక్ష అయింది. ఫలితం రాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, తప్పయితే నువ్వే చెప్పు.

ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ముసలాయన "ఎన్నేళ్ళ సర్వీసు దాదా?" అని మర్యాదగానే మొదలుపెట్టాడు. విశిష్ట ఘనపరిమాణం అడిగారు. బెల్లం, మరమరాలు చెప్పాను. ఒకాయన నవ్వాడు కానీ రాసుకున్నాడు. ఇంకొకాయన, "మీ బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి గొట్టం చేతుల్లో పడుతుంది. రసం మరిగించే చివరి పాత్ర నుంచి పోయే గొట్టంలో మనిషి దూరొచ్చు. ఎందుకు?" అన్నాడు. అది నేను రోజూ చూసేదే. "అక్కడ శూన్యం పెడతాం సాహెబ్. నొక్కేది లేదు. ఇక్కడ బిందెల్లో కొలిచే కిలో ఆవిరి అక్కడ పది ఘనమీటర్లు దాటుతుంది. గదంత చోటు. దానికి దారి కూడా అంత కావాలి" అన్నాను.

అప్పటిదాకా మాట్లాడని మూడో ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "నా పట్టికలో 4.43 అని ఉంది. ఆ ఆవిరి ఎక్కడుంటుంది?"

ఆ అంకె నాకు తెలుసు. ఉస్తాద్ పుస్తకంలో దాని కింద గీత కూడా ఉంది. నోటిదాకా వచ్చింది. నీ కార్డు గుర్తొచ్చి ఆగాను.

"ఏ కొలతలో సాహెబ్?"

"అంకె చెప్పాను కదా. కొలత ఎందుకు?"

"ఊరు పేరు లేని కవరు నేను పంచలేను సాహెబ్" అన్నాను. అయిపోయింది, రైలెక్కాల్సిందే అనుకున్నాను. ఎలాగూ పోయేదే కదా అని మొత్తం చెప్పేశాను. "పౌండుకు ఘనపు అడుగులైతే నా పాత బాయిలర్లో ఉంటుంది. పట్టికలో నూరు పౌండ్ల ఒత్తిడి, గేజి మీద ఎనభై అయిదు. కిలోకు ఘనమీటర్లైతే అది ఏ బాయిలర్లోనూ ఉండదు. శూన్యం పెట్టిన పాత్రలో ఉంటుంది. ఒకదానికి గోడ పగలకుండా చూసుకోవాలి. ఇంకోదానికి గోడ లోపలికి నలగకుండా చూసుకోవాలి. మీరు ఏది అడుగుతున్నారో తెలియకుండా నేను వాల్వు ముట్టుకోను."

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఈ ప్రశ్న ఆరేళ్ళుగా అడుగుతున్నాను. కొలత ఏదని తిరిగి అడిగింది నువ్వే మొదటివాడివి" అన్నాడు. "ఎవరు నేర్పారు?"

"ఇద్దరు" అన్నాను. "ఒకరు లేరు. ఇంకొకరు ఇంకా బాయిలర్ చూడలేదు."

వాళ్ళకి అది అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

మామ

ఫ్యాక్టరీ కాలనీ
దసరా మర్నాడు, అక్టోబరు 1962

నా బంగారు శాలూకు,

సర్టిఫికెట్ వచ్చింది. మొదటి తరగతి. మీ మామి దాన్ని ఫ్రేము కట్టించి దేవుడి గూట్లో పెట్టింది. నేను తీసి గోడకు తగిలించాను. కాగితాలను గూట్లో పెట్టి మూసే అలవాటు ఈ ఇంట్లో ఇక చాలు. ఉస్తాద్ పుస్తకానికి ఈ ఖండేనవమికీ పసుపు కుంకుమ వేశాను కానీ, తెరిచి ఉంచి వేశాను. మీ అమ్మకు కూడా రాశాను. నవ్వలేదు, ఏడ్చిందట.

నిన్న కొత్త బాయిలర్ వెలిగించాం. చైర్మన్ గారు కొబ్బరికాయ కొట్టారు, మీ మామి తోటి ఆడవాళ్ళు హారతి ఇచ్చారు. తర్వాత కదమ్ సాహెబ్ కాగడా నా చేతిలో పెట్టి, "నువ్వే వెలిగించు" అన్నాడు. జాధవ్ వెనకాల నిలబడి చప్పట్లు కొట్టాడు. ఏం చేస్తాడు పాపం.

కాగడా లోపల పెట్టే ముందు అలవాటుగా గేజి వైపు చూశాను. ముల్లు సున్నా మీద ఉంది. ఇరవై రెండేళ్ళు ఆ సున్నాని నిజమే అనుకున్నాను. అందరి కళ్ళూ మంట మీదే ఉన్నాయి. నాకు మాత్రం ఉస్తాద్ గుర్తొచ్చాడు, నువ్వు గుర్తొచ్చావు. కళ్ళు చెమ్మగిల్లితే పొగ అని చెప్పాను, ఇంకా పొగే రాలేదు.

దీపావళి సెలవులకు రావాలి. సాకులు చెప్పకు. నీకు బాయిలర్ చూపిస్తాను. గేజి నువ్వే చదవాలి. చదివేటప్పుడు పక్కన నేనుంటాను, సున్నా నుంచి మొదలుపెట్టావో జడ పట్టి లాగుతాను. నిన్న నేను ఒకటి నుంచే లెక్కపెట్టాను.

మీ మామ
శ్రీపతి, మొదటి తరగతి